చింతపండుతో తోమిన నాలుగు దిమ్మలు

తెనాలి మేస్త్రీ గారు ఏ పనినీ 'అయిపోయింది' అనేవారు కాదు. లేతు మిషను మీంచి ముక్క దించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఎడమచేతి బొటనవేలి గోటిని ఆ ముక్క అంచు వెంబడి మెల్లగా నడిపించి, "ప్రస్తుతానికి బాగుంది" అనేవారు. తీసుకెళ్ళొచ్చా అంటే, "ఇంకోసారి చూద్దాం, ఏం పోయింది" అనేవారు. ఆ ఇంకోసారి పూర్తయ్యేసరికి నా రేపల్లె ప్యాసింజరు కాస్తా వెళ్ళిపోయేది.

ఆయన పోయారని సాంబయ్య ఫోను చేశాడు. ఆ షాపులో ముప్ఫయ్యేళ్ళుగా పని చేస్తున్నవాడు. చెప్పి ఆగాడు. "అమ్మా, ఉన్నారా" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు. ఏడుపు రాలేదు నాకు. నిజం చెప్పాలంటే ముందుగా కలిగింది ఊరట. మూడేళ్ళ కిందట నేను చేసిన తప్పుని ఆయన తన నెత్తిన వేసుకున్నారు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాను. ఆ ఊరట పట్టుమని పది నిమిషాలు కూడా నిలవలేదు. దాని వెనకే కంగారు మొదలైంది, ఇంతవరకూ తగ్గలేదు.

కంగారు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. అమ్మ నిజాంపట్నం రేవులో చేపలు కొని రేపల్లె మార్కెట్లో అమ్ముతుంది. నాన్న సముద్రం మీదికి వేటకెళ్ళిన రోజుల్లో గుమ్మం దిగేది కాదు, గుమ్మం ఎక్కేదీ కాదు, అక్కడే కూర్చునేది. నేనూ అంతే. పరీక్ష రాసొచ్చాక కూడా హాలు టికెట్టు పెట్టుకున్నానా లేదా అని సంచీ తడుముకునే రకం. అలాంటి దాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, మేస్త్రీ గారిని చూసేదాకా.

బాపట్లలో ఇంజినీరింగు చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఒక ఇత్తడి గొట్టం, దానికో మూత చేయించాల్సి వచ్చింది. ఎవరో తెనాలిలో కాలవ పక్కన రేకుల షెడ్డు చూపించారు. మేస్త్రీ గారు నా బొమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి చూసి, "ఈ లెక్కన చేస్తే మూత లోపలికి పోదమ్మా. చెయ్యమంటే చేస్తా. తర్వాత నువ్వు ఏడుస్తావు" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. మా సారు దిద్దిన బొమ్మండి, అలాగే చెయ్యండి అన్నాను. అలాగే చేశారు. వారం తర్వాత వెళితే మూత లోపలికి పోలేదు. నేను ఏడ్చాను. ఆయన ఒక్క మాట అనకుండా బల్ల కింద నుంచి గుడ్డలో చుట్టిన ఇంకో మూత తీసి నా చేతిలో పెట్టారు. అది సరిపోయింది. రెండోది ఎప్పుడు చేశారండీ అంటే, మొదటిది చేసిన రోజే అన్నారు. నేను ఏడుస్తానేమోనని వారం రోజులు ఆయనకి మనసు మనసులో లేదట.

అప్పటి నుంచి ఆ షాపుకి ఏదో వంక పెట్టుకుని వెళ్ళేదాన్ని. మిషను స్విచ్చి వేసే ముందు ఆయన బిస్మిల్లా అనుకునేవారు, సాంబయ్య అగరొత్తి తిప్పేవాడు, ఇద్దరూ ఒకరికొకరు అడ్డం వచ్చేవారు కాదు. కొలిచే మైక్రోమీటరుని ఆయన భార్య పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టుకునేవారు. ఇంకెవరైనా ముట్టుకుంటే ప్రాణం పోయినంత పని చేసేవారు. మధ్యాహ్నం తీసిన కొలతని నమ్మేవారు కాదు. ఎండకి ఇనుము ఒళ్ళు విరుచుకుంటుందని, తెల్లారగట్ల వచ్చి మళ్ళీ కొలిచేవారు. షాపుకి తాళం వేసి, సందు మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చేవారు. సాంబయ్య మలుపు దగ్గర సైకిలు పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడు. ఒకసారి నేను నవ్వితే, "నవ్వు తల్లీ, నవ్వు. రాత్రి నాకు నిద్ర పట్టకపోతే నువ్వొస్తావా తాళం చూడ్డానికి" అన్నారు.

ఇప్పుడు నేను ఉత్తరాదిన ఒక పరిశోధన కేంద్రంలో పని చేస్తున్నాను. అక్కడ సింక్రోట్రాన్ అనే పెద్ద గుండ్రటి యంత్రం ఉంది. గాలి తోడేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లని పరుగెత్తించి, అయస్కాంతాలతో మలుపులు తిప్పుతారు. మలుపు తిరిగిన చోటల్లా వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగు ఎక్సురే. మందులు కనిపెట్టేవాళ్ళు, విత్తనాల వాళ్ళు, లోహాల వాళ్ళు వచ్చి, ఆ వెలుగులో తమ పదార్థాల లోపల ఏది ఎక్కడుందో చూసుకుంటారు. మా యంత్రం పాతబడింది. వెలుగు వెడల్పుగా పడేది, చిన్నవి అలుక్కుపోయినట్టు కనబడేవి. పాత అయస్కాంతాలు తీసేసి, చిన్నవి, ఎక్కువగా, దగ్గరదగ్గరగా పెడితే ఎలక్ట్రాన్ల కట్ట సన్నబడి వెలుగు పదునెక్కుతుంది. అందుకని ఏడాదిన్నర పాటు యంత్రం ఆపి బాగు చెయ్యాలని నిర్ణయించారు. ఎక్కడెక్కడి పరిశోధకులో పనులు ఆపుకుని మా ముఖం చూస్తూ కూర్చున్నారు.

అయస్కాంతాలు దగ్గరైతే గొట్టం ఇరుకవుతుంది. వాడుకోగా మిగిలిన వెలుగు గొట్టం గోడల్ని కాల్చెయ్యకుండా, దారిలో కాచుకుని ఆ వేడిని మింగెయ్యడానికి రాగి దిమ్మలు కావాలి. అరచేతిలో పట్టేవి, నలభై ఎనిమిది. వాటి వెనక చల్లటి నీళ్ళు పారుతుంటాయి. చేస్తామన్న కంపెనీ మధ్యలో చేతులెత్తేసింది. యంత్రం అప్పటికే విప్పేసి ఉంది. మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే నేను నోరు జారి, తెనాలిలో ఒకాయన ఉన్నారండి అన్నాను. పెద్దసారు నా వైపు తిరిగి, నీ పూచీయేనా అని అడిగారు. నాదేనన్నాను. ఆ క్షణం నుంచి నాకు అన్నం సహించలేదు.

మేస్త్రీ గారికి బొమ్మలిచ్చి యంత్రం సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఇప్పుడున్న వెలుగుకి ఏంటి రోగం అని అడిగారు, చెప్పాను. ఎన్నాళ్ళు ఆపుతారు అని అడిగారు, చెప్పాను. "నడిచేదాన్ని ఆపి బాగు చెయ్యడమంటే మాటలు కాదు. మళ్ళీ నడవకపోతే?" అన్నారు. సరిగ్గా అదే మాట నాకు రోజూ తెల్లారి లేవగానే గుర్తొచ్చేది. అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఈ దిమ్మలు గాలి లేని గొట్టం లోపల ఉంటాయి, వాటి మీద ఒక్క వేలిముద్ర ఉన్నా అది నెలల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది, ఎలక్ట్రాన్లు దానికి తగిలి రాలిపోతాయి, కాబట్టి వట్టి చేత్తో ముట్టుకోకూడదు అన్నాను. ఆయన తన రెండు చేతుల వైపూ చూసుకున్నారు. గోరు కూడానా అన్నారు. గోరు కూడానండి అన్నాను.

పని దగ్గరుండి చేయించడానికి నేను రేపల్లెలో ఉండి రోజూ తెనాలి వచ్చేదాన్ని. ఆ ఇరవై రోజులు షాపులో చూడాలి. బీడీలు బంద్, పకోడీలు బంద్. నెత్తికి గుడ్డలు, చేతులకి తొడుగులు. ఆపరేషను థియేటరులో మేస్త్రీ గారు డాక్టరు, తాను నర్సు అని సాంబయ్య ఒకటే వేళాకోళం. మేస్త్రీ గారికి మాత్రం నవ్వు రాలేదు. గోరు లేకపోయేసరికి కొలిచిందే కొలిచారు. తొడుగుల్లో చేతులు చెమటకి నాని తెల్లగా ముడతలు పడేవి. నాకు చూపించేవారు కాదు, నేను రాగానే వెనక్కి పెట్టుకునేవారు.

ఆఖరి పని ఆదివారానికి పెట్టుకున్నాం. ఎంత తక్కువ చేతులు పడితే అంత మంచిదని షాపు సెలవు రోజే ఆయనా నేనూ కలిసి దిమ్మల్ని చివరిసారి డిస్టిల్డ్ వాటరులో కడిగి, ఆరబెట్టి, పెట్టెలో సర్ది సీలు వెయ్యాలి. దిమ్మకొక కాగితం. 'కడగడం, సర్దడం నా కళ్ళెదుట జరిగాయి, సీలు నేనే వేశాను' అని ప్రతి కాగితం కింద నేను సంతకం పెట్టాలి.

శనివారం సాయంత్రం నలభై ఎనిమిది కాగితాల మీదా సంతకాలు పెట్టేసి, సీళ్ళు ఆయన చేతికిచ్చేశాను. ఇరవై రోజులుగా రేపల్లె దాకా వచ్చి కూడా అమ్మ దగ్గర ఒక పూట నిమ్మళంగా తిన్నది లేదు. ఒక్క రోజు. అంతే. ఇంకే కారణమూ లేదు, ఉందని చెప్పుకుంటే అబద్ధం.

"రేపు రావా అమ్మా?" అన్నారు మేస్త్రీ గారు.

మీరున్నారుగా అన్నాను. ఆయన సీళ్ళు ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు.

ఆదివారం వాన. రేపల్లెలో కరెంటు పోయింది. అమ్మ రొయ్యలు వేపుతుంటే వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాను. ఫోను మోగింది, మేస్త్రీ గారు. మళ్ళీ మోగింది. నాలుగుసార్లు మోగింది. అమ్మ వంటింట్లోంచి, ఎత్తవేంటే అంది. ఈయనకి ఎప్పుడూ ఇంకోసారి చూడాలి, రేపు మాట్లాడొచ్చులే అన్నాను. ఆ రొయ్యలు ఎంత రుచిగా ఉన్నాయో ఇప్పటికీ నాలిక మీద ఉంది. మర్నాడు ఫోను చేస్తే, పెట్టె వెళ్ళిపోయిందమ్మా అన్నారు. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు నెలల తర్వాత దిమ్మల్ని గొట్టాల్లో బిగించారు. ఆ వచ్చే సోమవారం గొట్టాలు మూసి, లోపలి తేమ పోయేలా వేడి చెయ్యడం మొదలుపెడతారు. ఒకసారి మూసి కాల్చాక మళ్ళీ విప్పడమంటే నెలల పని. బుధవారం పొద్దున ఆయనకి మామూలుగా ఫోను చేసి కబుర్లు చెబుతూ, ఇంకెవరో పంపిన వస్తువు మీద ఉప్పు ఉందని తిరగ్గొట్టారన్నాను. ఉప్పుంటే ఏమవుతుంది అన్నారు. మరలు బిగించే సన్నటి రంధ్రాల్లో ఇరుక్కుంటే నెమ్మదిగా రాగిని తినేస్తుంది, చిల్లు పడితే వెనక పారే నీళ్ళు గొట్టంలోకి వచ్చేస్తాయి, ఇక యంత్రం పని ఇంతే అన్నాను. ఆయన నన్ను కాగితం తీసుకోమన్నారు.

"నంబర్లు చెబుతా, రాసుకో తల్లీ. పదకొండు, పన్నెండు, ఇరవై ఏడు, నలభై."

ఆ ఆదివారం వానకి రేకుల సందులోంచి నీళ్ళు కారి నాలుగు దిమ్మల మీద పడ్డాయి. ఆరబెట్టేసరికి రాగి మచ్చలు కట్టింది. నాకు ఫోను చేశారు, నేను ఎత్తలేదు. నల్లబడిన రాగిని ఎలా పంపిస్తారు? బిందె నల్లబడితే ఎవరైనా ఏం చేస్తారు? వానలో ఇంటికి పరుగెత్తి, భార్యని అడిగి చింతపండు, ఉప్పు తెచ్చుకుని, తళతళలాడేలా తోమి, డిస్టిల్డ్ వాటరులో మూడుసార్లు కడిగి సర్దారు. మా ఇంట్లో మా అమ్మయినా అదే చేసేది. నేనక్కడ ఉంటే ఒక్క మాటతో ఆగిపోయేది.

చెబితే నాలుగు దిమ్మలు విప్పి, మందులతో కడిగి మళ్ళీ బిగిస్తారు, యంత్రానికి ఏమీ కాదు. కానీ ముందు అడిగేది నన్నే, నీ కళ్ళెదుట జరిగిందని రాశావే అని. చెప్పకపోతే? ఏమీ కాకపోవచ్చు. ఎప్పుడో ఒకరోజు కావచ్చు. గురువారం అంతా ఆఫీసు చుట్టూ నడిచాను. సాయంత్రం ఆయనకి ఫోను చేశాను. చేసి, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అండీ అని అడిగాను. ఆ ప్రశ్న అడిగిన గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఆయనకి అర్థమైంది.

"ఆదివారం నువ్వొచ్చావమ్మా. కడిగించావు, సీలేసి వెళ్ళావు. ఆ తర్వాత నేనే విప్పాను. కాగితం రాసిస్తా," అన్నారు.

వద్దండి అనాలి. అనలేదు. శుక్రవారం నమాజుకి వెళ్ళొచ్చాక రాసి, ఫొటో తీసి పంపారు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఇంజినీరమ్మ సీలు వేసి వెళ్ళాక ఇంకోసారి చూద్దామని పెట్టె విప్పాననీ, మచ్చలు చూసి తోమాననీ, సీలు మళ్ళీ అతికించాననీ, తప్పంతా తనదేననీ. మా ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు లేరు. ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. సీలు విప్పాను అన్న చోట చెయ్యి ఆగింది. ఆగి, రాసింది.

దిమ్మలు విప్పారు, కడిగారు, సోమవారానికల్లా బిగించారు. ఏడాది గడిచాక యంత్రం మళ్ళీ తిరిగింది. వెలుగు అనుకున్నదానికంటే సన్నగా, నిబ్బరంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నన్నూ మెచ్చుకున్నారు. తెర మీద ఆ చిన్న చుక్కని ఫొటో తీసి మేస్త్రీ గారికి పంపాను. చుక్క బాగుందమ్మా అన్నారు. ఇక పని ఇవ్వకూడని వాళ్ళ జాబితాలో ఆయన షాపు పేరు అప్పటికే చేర్చారు. ఆ సంగతి తెలిపే ఉత్తరం షాపుకి వెళ్ళింది. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళెవరో చదివి వినిపించారు. తెనాలి మిషను షాపులన్నిటికీ పాకింది, సీలు విప్పిన మేస్త్రీ అని. తర్వాత రెండుసార్లు తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళాను. రెండుసార్లూ రైలు దిగలేదు. ప్లాట్‌ఫారం కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఆయన పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతెహా ప్రార్థనకి మాత్రం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇంట్లో ఉండలేక వెళ్ళాను. ముందు గదిలో, వాకిట్లో మగవాళ్ళున్నారు. సాంబయ్య, షాపు వాళ్ళు వాకిట్లో భోజనాలకి కూర్చున్నారు. మేస్త్రీ గారి భార్య, భర్త పోయాక పాటించే ఇద్దతులో ఉన్నారు, మగవాళ్ళ ఎదటికి రారు. ఆడదాన్ని కాబట్టి నన్ను తెర దాటించి లోపలికి తీసుకెళ్ళారు. నేనావిణ్ణి పిన్నీ అనేదాన్ని. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి చల్లగా ఉందంది. నీళ్ళిచ్చింది. తాగేదాకా ఆగింది.

"ఒక సంగతి అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ చింతపండు ఇచ్చింది నేనే. తలంతా తడిసి వచ్చాడు. ఊళ్ళో మాట పాకాక నేనడిగితే, నువ్వు సీలేసి వెళ్ళాక పెట్టె విప్పానని నాతో కూడా అన్నాడు. ఆయన పనిని ఆయన వందసార్లు చూసుకుంటాడు తల్లీ. ఇంకొకళ్ళు వేసిన సీలు మాత్రం విప్పడు. నిజంగా విప్పాడా?"

తల కొట్టేసినట్టయింది. భార్యకి కూడా నిజం చెప్పలేదా మనిషి! ఇన్నాళ్ళూ నేను తయారు చేసుకున్న జవాబులు ఆవిడ ముందు ఒక్కటీ పనికిరాలేదు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"లేదు పిన్నీ. నేను సీలు వెయ్యలేదు. ఆ రోజు నేను షాపుకే రాలేదు. ముందురోజే సంతకాలు పెట్టేసి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన ఫోను చేస్తే ఎత్తలేదు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. కొంగుతో ముఖం ఒత్తుకుని, మెల్లగా నా చెయ్యి వదిలేసింది.

"బయట మా వాళ్ళున్నారు. వాళ్ళతో కూడా చెప్పు," అంది.

వాకిట్లోకి వచ్చాను. అందరూ పలావు ముందు కూర్చుని ఉన్నారు. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. గుంజ పట్టుకుని, లోపల చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఎవరూ తినడం లేదు. సాంబయ్య ముద్ద విస్తట్లోనే వదిలేసి తల దించుకున్నాడు. ఈ మూడేళ్ళూ తాళం వేసేటప్పుడు తాను మలుపు దగ్గర ఆగడం మానేశాననీ, సీలు విప్పిన మనిషి తాళం ఎన్నిసార్లు లాగి చూస్తే ఏంటని తనకి కోపమనీ చెప్పాడు. చెప్పి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీ ఆఫీసుకి చెప్పారా అమ్మా?"

చెబుతానన్నాను.

"ఎప్పుడు?"

అక్కడే అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. పెద్దసారుకి ఇంగ్లీషులో రాశాను. నాలుగు ముక్కలే. ఆదివారం నేను అక్కడ లేను. సంతకాలు ముందే పెట్టాను. మేస్త్రీ గారి ఉత్తరంలో ఉన్నది నన్ను కాపాడటానికి రాసిన అబద్ధం, అది తెలిసే ఇంగ్లీషులోకి మార్చాను. ఆయన షాపు పేరు ఆ జాబితాలోంచి తీసెయ్యండి, నా మీద ఏం చెయ్యాలో అది చెయ్యండి. రాసింది తెలుగులో వాళ్ళకి చదివి వినిపించాను. ఉద్యోగం పోతుందా, అమ్మకి ఏం చెప్పాలి, రేపు పొద్దున ఆ మెట్లు ఎలా ఎక్కాలి, అన్నీ ఒక్కసారే తోసుకొచ్చాయి. బొటనవేలు తెర మీద ఆగిపోయింది. సాంబయ్య ఆ వేలి వంకే చూస్తున్నాడు. నొక్కాను.

లోపల తెర వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది, పంపిందా అని.

"పంపిందమ్మా," అన్నాడు సాంబయ్య.